పెద్దమ్మ జడ

నాకు దయ్యాల మీద నమ్మకం ఏనాడూ లేదు. శ్మశానం దారిలో మిషను పెట్టుకుని పదేళ్లు జాకెట్లు కుట్టిన మనిషిని. ఎవరన్నా దయ్యం కథ మొదలుపెడితే, కొలతలు పట్టుకురా, దానికీ ఒకటి కుట్టిస్తానని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

గిద్దలూరులో మేం కొందరం కలిసి, ఆసుపత్రిలో తోడు లేని రోగుల దగ్గర వంతులవారీగా కూర్చుంటాం. పొద్దున రిటైరైన కండక్టర్ మామ, సాయంత్రం డిగ్రీ చదివే శిరీష, ఆదివారాలు అడవి అంచు గూడెం నుంచి వచ్చే లింగమ్మ. మధ్యాహ్నం నాది. మాకు ఒకటే కట్టుబాటు. చేసిన సేవ మనం చెప్పుకోకూడదు, ఎదుటివాళ్లను అడగకూడదు. చెప్పుకుంటే పుణ్యం పోతుందని మామ పెట్టిన రూలు అది.

మొన్న ఎండాకాలంలో కొమరోలు బస్సులో పడిపోయిన ఒక ముసలమ్మను తెచ్చి చేర్చారు. పక్షవాతం. మాట పోయింది. వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. మేం పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. గంజి చెంచా పెదవుల దాకా తీసుకుపోతే మూతి బిగించేది. ఇలాగే ఉంటే బతకదని నర్సమ్మ తేల్చి చెప్పింది.

నాలుగో రోజు నేను వెళ్లేసరికి పెద్దమ్మ తల నున్నగా దువ్వి ఉంది. నాలుగు పాయల జడ, చివర చీర పీలికతో ముడి. ఆ రోజు ఆమె నోరు తెరిచి సగం గిన్నె గంజి తాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. శిరీష వేసి ఉంటుందనుకున్నాను. రూలు ప్రకారం అడగలేదు.

అప్పటి నుంచి జడ ఉన్న రోజు తినేది, లేని రోజు ముట్టేది కాదు. లేని రోజు నేనే మామూలు జడ వేసి చూశాను. లాభం లేకపోయింది.

ఒకసారి వరుసగా మూడు రోజులు ఆ జడ లేదు. మనిషి వాడిపోయింది. ఇక నాకు ఓపిక చచ్చిపోయి, రూలూ గీలూ పక్కన పెట్టి, ఆదివారం అందరినీ వరండాలో నిలబెట్టి అడిగేశాను.

"నాకు నాలుగు పాయలు రాదక్కా. నువ్వే వేస్తుండావనుకున్నా," అంది శిరీష.

"నేను వచ్చేది ఆదివారమే గదా," అంది లింగమ్మ.

మామ బట్టతల నిమురుకున్నాడు. "దీన్ని దువ్వే పనే లేదు, ఇంక నేను జడలు యాడ వేసేది తల్లీ?"

నర్సులేమో మాలో ఎవరో వేస్తున్నారనుకున్నారట. పుణ్యం పోతుందని ఇన్నాళ్లూ నోళ్లు కుట్టుకున్న మా తెలివికి నాకు ఒళ్లు మండింది.

మర్నాడు కాపలా కాయాలని తొందరగా వెళ్లాను. తలంటుకుని, ఆరని జుట్టు వదిలేసే పోయాను. పెద్దమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఫ్యాను నిదానంగా తిరుగుతోంది. కిటికీలోంచి నల్లమల కొండలు ఎండలో నీలంగా, నేల మీద ఆననట్టు కనిపిస్తున్నాయి. నేను నిద్రపోలేదని ఒట్టు వేయలేను. మెడ వెనక వెచ్చని వేళ్లు తగిలాయి. కొబ్బరినూనె వాసన వచ్చింది. భయం వేయలేదు. బడికి పోయే పిల్లలాగా తల వంచుకుని కదలకుండా కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

కళ్లు తెరిచేసరికి పెద్దమ్మకు జడ ఉంది. నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. ఒకవైపు పెదవి నవ్వుతోంది. తిరిగి చూస్తే గోడ తప్ప ఏమీ లేదు. వీపు మీద చేయి పెట్టుకుంటే నాకూ జడ తగిలింది. నాలుగు పాయలు, చివర పీలిక.

గంజి పట్టాను. గిన్నె ఖాళీ చేసింది. ఆ తర్వాత జడ ఉన్నా లేకున్నా తినడం మానలేదు. నెలకు లేచి కూర్చుంది. ఇప్పుడు మార్కాపురంలో ఒక ఆశ్రమంలో ఉంది. మాట మాత్రం రాలేదు.

నిద్రమత్తులో నేనే వేసుకుని ఉంటానంటాడు మామ. కావచ్చు. కానీ నాలుగు పాయల జడ నాకు ఈ రోజుకీ వేయడం రాదు.

మా అమ్మ నా ఆరో ఏట పోయింది. ఆ తర్వాత ఇంకొకరి చేతికి తల అప్పగించి కూర్చోవడం నేనెరగను. మూడు రోజులు ఆ జడ విప్పలేదు. నాలుగో రోజు విప్పుతూ ఏడ్చాను, భయంతో కాదు. ఆ వేళ్లు ఎవరివో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. మధ్యాహ్నం వంతు మాత్రం ఎవరడిగినా ఇవ్వడం లేదు.