జానెడు గారి కొలత

మా వాహన తనిఖీ కార్యాలయంలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన పెద్దాయనకి లోకంలో ఒకే ఒక్క పట్టింపు ఉండేది: చక్రం వెనక వేలాడే మడ్‌ఫ్లాప్. ఆ రబ్బరు పలక అడుగు అంచుకీ నేలకీ మధ్య ఖాళీ జానెడు మించకూడదు. బ్రేకుల గురించీ లైట్ల గురించీ ఆయన మామూలు మనిషిలాగే మాట్లాడేవారు. మడ్‌ఫ్లాప్ దగ్గరికి వచ్చేసరికి గొంతులో గాంభీర్యం ప్రవేశించేది. డ్రైవర్లు ఆయన్ని జానెడు గారు అనేవారు. అసలు పేరు జీతాల పట్టీలో భద్రంగా ఉండేది.

నేను గుమాస్తాగా చేరిన రోజునే నా చేతికి స్కేలిచ్చి ఒక లారీ వెనక కూర్చోబెట్టారు.

"ఎంతుంది?"

"జానెడు కంటే కాస్త ఎక్కువ సార్."

"కాస్త అనేది కొలతా, కూరలో ఉప్పా?"

ఆ లారీ డ్రైవరు ఊరుకోలేదు. "నా బండి ముందుకి పోతుంది సార్. వెనక్కి ఏం ఎగిరితే నాకేంటి?"

"వెనక సైకిలు మీద వచ్చేవాణ్ణి అడుగు నాయనా. నోటినిండా బురదుంటుంది, జవాబు కాస్త ఆలస్యమవుతుంది."

ఒకడు ఆయన్ని మెప్పిద్దామని రబ్బరు నేలకి రాసుకునేంత కిందికి వేలాడదీశాడు. మా ఆవరణలోనే బండి వెనక్కి తీశాడు. టైరు దాన్ని తొక్కి ఊడబెరికేసింది. జానెడు గారు ఆ ముక్కని వాడి చేతిలో పెట్టి, "మరీ అంత వినయం పనికిరాదు" అన్నారు.

ఒకసారి ఫైలు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళితే, ఆయన కిటికీ కింద మోకాళ్ళ మీద ఉన్నారు.

"చూడు బాబూ, కర్టెను నేలకి జానెడు కంటే పైకుందట!" అన్నారు అమ్మగారు. "నా కిటికీకి చక్రాలున్నాయేమో అడుగు!"

"లేవని ఒప్పుకున్నాను కదటే," అన్నారాయన, స్కేలు మాత్రం తీయకుండా.

ఒక వానాకాలం, సాయంత్రం నాలుగింటికి, బండికి చిన్న ట్రైలరు తగిలించుకుని ఒక డ్రైవరు వచ్చాడు. కుంటుతున్నాడు. జానెడు గారు ట్రైలరు మడ్‌ఫ్లాప్ కింద మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ అర వేలి మందం ఎక్కువే వచ్చింది.

"సార్, కాలు విరిగి ఏడాది ఇంట్లో కూర్చున్నాను. ఐదింటికల్లా సర్టిఫికెట్ చూపిస్తేనే పని నాకట. లేకపోతే ఇంకొకడికి. రబ్బరు కొట్టేమో ఇవాళ మూసుంది."

"అర వేలే కదా, వదిలెయ్యండి సార్," అన్నాను మెల్లిగా.

బండికి చక్రాలెందుకని నేను అడిగినట్టు చూశారు నా వైపు. "వదలను" అని లోపలికి వెళ్ళిపోయారు. డ్రైవరు మెట్టు మీద కూలబడ్డాడు.

పది నిమిషాలకి నిబంధనల పుస్తకంతో బయటికొచ్చారు. "ఖాళీ బండినైనా, సరుకున్న బండినైనా కొలవొచ్చని ఉంది. సరుకంటే ఏమిటో ఎక్కడా రాయలేదు." అని చెప్పులు విడిచి, ట్రైలరెక్కి బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. "చూస్తారేం? రండి!"

క్యాషియరు ఎక్కాడు. టైపిస్టమ్మని ఇద్దరు చెయ్యిచ్చి ఎక్కించారు. క్యాంటీనతను కెటిలుతో సహా ఎక్కాడు. మొత్తం ఎనిమిది మంది. ముసలి స్ప్రింగులు మూలిగి కిందికి కుంగాయి. కింద మిగిలింది నేనూ నా స్కేలూ.

"ఎంతుంది?"

"జానెడు సార్! సరిగ్గా జానెడు!"

ఆయన మోకాలి మీదే సంతకం చేశారు. సరుకు వివరం అన్నచోట 'సిబ్బంది, ఎనిమిది' అని రాశారు. "రేపు కొట్టు తెరవగానే పొడుగు రబ్బరు వేయించి నాకు చూపించాలి. తెలిసిందా?"

డ్రైవరుకి తెలిసింది సర్టిఫికెట్ వచ్చిందని మాత్రమే. ఒక్క గెంతులో బండెక్కి పోనిచ్చాడు.

"ఓరి నాయనా, సరుకు దించవయ్యా!" అని అరిచాడు క్యాషియరు.

నేను వెనక పరిగెత్తాను. గేటు ముందు పెద్ద నీటిగుంట. ట్రైలరు దభీమని అందులో దిగి పైకెక్కింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"పడిందా?" అని కేకేశారు జానెడు గారు, వెనక్కి వంగి.

చొక్కా చూసుకున్నాను. "లేదు సార్! ఒక్క చుక్క కూడా!"

డ్రైవరు నాలిక్కరుచుకుని గేటు దగ్గర ఆపాడు. అందరూ తిట్టుకుంటూ దిగారు. ఆయన మాత్రం దిగలేదు. "ఇంకొక్కసారి పోనీయవయ్యా," అంటున్నారు.