చాచా అందించిన మాట

మొన్న మంగళవారం పొద్దున మా నాటకాల డైరెక్టర్ సార్ ఫోన్ చేసి, "చాచా పోయిండు బిడ్డా" అన్నారు. సాయంత్రం అసర్ నమాజ్ తరువాత జనాజా లేస్తుందన్నారు. మా ఊరు హసన్‌పర్తిలో బస్సెక్కినదాన్ని ఏడుపులో పడి దిగాల్సిన చోట దిగలేదు. రెండు స్టాపులు వెనక్కి నడిచి వచ్చి, చాచా వాళ్ల గల్లీ చివర నిలబడి సాగనంపాను.

మా నాటక సమాజానికి చాచా ప్రాంప్టర్. స్టేజీ పక్కన వింగ్ చాటున నిలబడి, నటులు మాట మరిస్తే మెల్లగా అందించే మనిషి. పగలంతా హన్మకొండలో ఆటో సీట్లు కుట్టేవారు. మా నాటకాల నోట్‌బుక్కులకు మిగిలిన రెగ్జిన్ ముక్కలతోనే అట్టలు వేసేవారు. వింగ్‌లో దగ్గు రాకుండా బుగ్గన లవంగం, చప్పుడు కాకుండా ఉత్త కాళ్లు. ఇన్నేళ్లుగా మా నాటకాలు చూసినవాళ్లలో ఆయన గొంతు విన్నవాళ్లు లేరు. ఆ సంగతి చెప్పుకొని మురిసిపోయేవారు.

డిగ్రీ మొదటి ఏడాది నేను మాట్లాడితే ముందు వరుసకే వినిపించేది కాదు. చాచా నన్ను రోజూ దుకాణానికి రమ్మన్నారు. ఆయన కుట్టుమిషన్ తొక్కుతుంటే నేను రోడ్డు అవతల నిలబడి డైలాగులు చెప్పాలి. అరిస్తే కోపం. "మొత్తుకోకు బిడ్డా, మాట్లాడు" అనేవారు. ఆటోవాళ్లు నవ్వుతుంటే నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. నాలుగు నెలలకు ఒకరోజు మిషన్ ఆపకుండానే తలూపి, "ఇనవడ్డది" అన్నారు. అంతకుమించిన మెచ్చుకోలు ఆయన దగ్గర ఎవరికీ దొరకలేదు.

భయమేస్తే నేను కళ్లు మూసుకుంటాను. అది ఆయన కనిపెట్టారు. "మాట మర్చిపోతే జర నోరు మూసుకో. కండ్లు మాత్రం మూయకు" అని ప్రతిసారీ చెప్పేవారు.

తరువాత పోటీలొచ్చాయి. మాది రెండే పాత్రల నాటిక, నాది అక్క వేషం. తాను వెళ్లగొట్టిన తమ్ముడు పదేళ్లకు తిరిగొచ్చి గుమ్మం బయట నిలబడితే, అక్క ఒక్క మాట అంటుంది. దాంతో నాటిక అయిపోతుంది. ముందురోజు వేరే సమాజం అమ్మాయి ఒకతె, "నీదంతా చాచా అందిస్తేనే గదా" అన్నది. నాకు ఒళ్లు మండింది. రిహార్సల్‌లో అందరి ముందూ, "రేపు నువ్వు వింగ్‌ల నిలవడకు చాచా. నాకు నీ అవసరం లేదు" అన్నాను. నా నోటికి ఏం రోగమొచ్చిందో! ఆయన, "మంచిది బిడ్డా" అని నోట్‌బుక్కు సంచిలో పెట్టుకున్నారు.

మరునాడు సరిగ్గా ఆ ఆఖరి మాటే మర్చిపోయాను. నోరు మూసుకున్నాను. కళ్లు మూయలేదు. రెండో వరుసలో చాచా కూర్చుని ఉన్నారు. చప్పుడు లేకుండా ఆయన పెదవులు కదిలాయి.

"తలుపు ఏసిలేదు. నెట్టుకొని రా."

అదే పలికాను. ఉత్తమ నటి బహుమతి నాకే ఇచ్చారు. ఆ మాటకు ముందు నేను ఆగిన తీరు గొప్పగా ఉందన్నారు న్యాయనిర్ణేతలు. మైకు చేతికొస్తే, "ప్రాంప్టర్ లేకుండా చేశాను" అని చెప్పుకున్నాను. అందరూ ఆపేశాక కూడా చాచా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఆ బహుమతితోనే హైదరాబాదులో వేషాలు దొరికాయి. ఊరికి వచ్చినప్పుడల్లా నిజం ఒప్పుకుందామని దుకాణానికి వెళ్లేదాన్ని. ఆయన చాయ్ తెప్పించి, "గొంతు ఎట్లున్నది?" అని అడిగేవారు. చాయ్ తాగి వచ్చేసేదాన్ని. రెండేళ్లు అట్లాగే గడిపాను. అంతలో ఆయన గొంతుకే జబ్బొచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఇక మాట రాదన్నారు డాక్టర్లు.

పోయిన నెల దవాఖానలో మంచం పక్కన కూర్చుని చెప్పేశాను.

"ఆ రోజు మాట నువ్వే అందించినవ్ చాచా. నేను మైకుల అబద్ధం చెప్పిన. నన్ను..."

ఆ పైన నాకు మాట రాలేదు. నోరు మూసుకున్నాను. కళ్లు తెరిచే ఉంచాను.

చాచా నా వైపు తిరిగారు. మెడ చుట్టూ కట్టు, బుగ్గన లవంగం లేదు. పెదవులు మెల్లగా కదిలాయి, అప్పటిలాగే, చప్పుడు లేకుండా.

తలుపు ఏసిలేదు. నెట్టుకొని రా.