అనుగ్రహ జడలో నల్ల రిబ్బను

నర్సు సరళకుమారి రక్తం చూసి బెదరదు. మంచమ్మీద కేకలు పెట్టే పేషెంటుని చూసీ బెదరదు. ఇంగ్లీషులో మాట్లాడే ప్రిన్సిపాల్‌ని చూస్తే మాత్రం బెదురుతుంది. నరసాపురం నుంచి ఢిల్లీ వచ్చి, కూతురు అనుగ్రహకి ఆ స్కూల్లో సీటు కోసం ఎన్ని గుమ్మాలెక్కి దిగిందో ఆమెకే తెలుసు. అలాంటిది, పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతుండగా వార్డుకి ఫోనొచ్చింది. మీ అమ్మాయి స్కూల్లో ఆందోళనలు చేస్తోంది, రేపొచ్చి కలవండి, లేదంటే టీసీ ఇచ్చి పంపించేస్తాం అని.

 నోట్లో నాలుక లేని పిల్ల, అది ఆందోళన చేయడమేమిటి?

జరిగింది ఇదీ. వార్షికోత్సవానికి వచ్చే ముఖ్య అతిథికి పూలిచ్చి స్వాగతం చెప్పడానికి డాన్స్ టీచరు ఎర్రగా బుర్రగా ఉన్న పిల్లలనే ఏరుకుంది. అనుగ్రహనీ, దాని స్నేహితురాలు సెల్వినీ మాత్రం, "కాలీ మద్రాసీలు, ఈ నల్లపిల్లలు ఫోటోల్లో బాగుండరు" అని అందరి ముందూ అనేసి, తెర వెనక సామాన్లు అందించే పనికి తోసింది. మర్నాడు పదో తరగతి ఆడపిల్లలు చాలామంది తెల్ల రిబ్బన్ల బదులు నల్ల రిబ్బన్లతో జడలు వేసుకొచ్చారు. పాలలా మెరిసిపోయే పంజాబీ పిల్లలు కూడా! నినాదాల్లేవు, అల్లరి లేదు. బుద్ధిగా కూర్చుని పాఠాలు విన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి సరళకుమారి ట్రంకుపెట్టె తీసి చూసింది. నల్ల రిబ్బను చుట్ట లేదు. కిందటేడు ఒక రోగి బంధువు డ్యూటీలో ఉన్న నర్సు మీద చెయ్యి చేసుకుంటే, ఆస్పత్రి నర్సులందరూ నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని పనిచేశారు. ఆ బ్యాడ్జీలు కత్తిరించగా మిగిలిన చుట్ట అది. అనుగ్రహ దాన్నే ముక్కలు చేసి పిల్లలకి పంచింది.

"స్కూలంటే చదువుకునే చోటే. ఇలాంటివన్నీ పెద్దయ్యాక చేసుకుందువు గాని. రేపు రిబ్బను తీసేసి సారీ చెప్పు," అంది.

"మమ్మీ, నువ్వూ పెట్టుకున్నావు కదా హాస్పిటల్‌మే. తబ్ ఠీక్ థా? అప్పుడు తప్పు కాలేదా?"

సరళకుమారి ట్రంకుపెట్టె మూత వేసేసింది. అదే ఆస్పత్రి ల్యాబులో పనిచేసే భర్త ఆనందబాబు, అవసరమైతే మేడమ్ కాళ్లు పట్టుకోమన్నాడు. అని, తనే అన్నం సయించక కంచం ముందు నుంచి లేచిపోయాడు.

రోజూ బడికి పంపే ముందు కూతురి మొహానికీ మెడకీ దట్టంగా పౌడరు పూయడం సరళకుమారి అలవాటు. నల్లపిల్ల అని ఎవరూ అనకూడదని ఆమె తాపత్రయం. మర్నాడు పొద్దున కూడా డబ్బా పట్టుకుని దగ్గరికెళ్లింది. అనుగ్రహ మొహం పక్కకి తిప్పుకుంది. సరళకుమారి ఇంక పట్టుబట్టలేదు. డబ్బా తిరిగి అలమారలో పెట్టేసింది.

ప్రిన్సిపాల్ చెడ్డమనిషేం కాదు. డాన్స్ టీచరు అన్నది తప్పేనని ఒప్పుకుంది. కానీ స్కూలు ధర్నాలు చేసే చోటు కాదనీ, ఇవాళ రిబ్బన్లంటారు, రేపు గేటు దగ్గర కూర్చుంటారనీ అంది. ముందు ఆ రిబ్బను విప్పించమంది.

సరళకుమారి చెయ్యి కూతురి జడ దాకా వెళ్లింది. ముడి చేతికి తగిలింది. చెయ్యి మరి కదల్లేదు.

"మేడమ్, ఈ రిబ్బను నాది," అంది తనకొచ్చిన హిందీలో. "ఇది పెట్టుకునే మేం పేషెంట్లకి ఇంజెక్షన్లిచ్చాం. పని ఆపలేదు. నా కూతురు అదే చూసింది. తప్పయితే నాది, దాని పరీక్షలు మాత్రం ఆపకండి."

అప్పుడు అనుగ్రహ నోరు విప్పింది. "ఏప్రిల్లో అసెంబ్లీలో మీరే చెప్పారు కదా మేడమ్, దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు మొదటిసారి ఓటేశారని. చప్పట్లు కొట్టమన్నారు, కొట్టాం. ఆ నల్ల అన్న మాటే మా మీదికొస్తే ఏం చెయ్యాలో మీరు చెప్పలేదు."

ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత లెక్కల మాస్టారిని పిలిపించి, నిన్న క్లాసు ఏమైనా పాడైందా అని అడిగింది. ఈ పిల్లలు నోరు మూసుకుని లెక్కలు చేయడం ఈ ఏడాదిలో నిన్ననే చూశానన్నాడాయన. ఎంత ఆపుకున్నా ప్రిన్సిపాల్‌కి నవ్వొచ్చింది.

టీసీ లేదు, గీసీ లేదు. డాన్స్ టీచరు పిల్లలకి క్షమాపణ చెబుతుంది. స్వాగతం వరసలో అందరూ ఉంటారు, అసెంబ్లీలో లాగా ఎత్తుల ప్రకారం నిలబడతారు. "ఈసారి ముందు నా దగ్గరికి రండి. నేను వినకపోతే అప్పుడు రిబ్బన్లు కట్టుకోండి," అంది ప్రిన్సిపాల్.

సరళకుమారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. "మమ్మీ, లోగ్ దేఖ్ రహే హైఁ, అందరూ చూస్తున్నారు," అని అనుగ్రహ సిగ్గుపడింది.

వార్షికోత్సవం నాడు వేదిక మీద సెల్వి మొదటి వరసలో పూలగుత్తితో నిలబడింది, పొట్టిపిల్ల మరి. ఆనందబాబు మెడ సాచి ముందు వరసల్లో అనుగ్రహ కోసం వెతికి వెతికి నీరసపడ్డాడు. "ఇంత చేసి మళ్లీ మనమ్మాయిని వెనకే పెట్టారేంటి సరళా?"

"మీ పొడుగే వచ్చింది కదండీ దానికి," అంది సరళకుమారి. పౌడరు లేని ఆ నల్లని మొహం చిట్టచివరి వరసలో, అందరి తలల మీంచి, ఆమెకి స్పష్టంగా కనిపిస్తోంది.