గ్లాసులో లేని ధనియాలు

మా తోడల్లుడి ముక్కు సంగతి ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా చెబుతాను. ఆ ముక్కును బీరు ఫ్యాక్టరీకి తీసుకొచ్చింది నేనే.

మా ఆవిడ చెల్లెల్ని చేసుకునేనాటికి అతను టైర్ల కొట్లో పంక్చర్లు వేసేవాడు. మరిదికి మంచి పని చూడమని మా ఆవిడ నా ప్రాణం తోడేస్తుంటే పడలేక, మా దగ్గర సీసాలు కడిగే పనిలో పెట్టించాను. నెల తిరక్కుండానే ఒకరోజు మిషను ఆపించి, సీసాల్లో సబ్బు మిగిలిపోతోంది అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. తీరా చూస్తే నీళ్ల గొట్టం ఒకటి సగం పూడుకుపోయి ఉంది. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో అతని పేరు ముక్కయ్య. మా అత్తగారైతే, చిన్నల్లుడు గుమ్మంలో నిలబడే కూరలో ఉప్పు ఎంతుందో చెప్పేస్తాడని ఊరంతా చెప్పుకొచ్చింది. ఉప్పుకు వాసనేమిటమ్మా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. పద్దెనిమిదేళ్లుగా పెద్దల్లుడు రుచి చూసే బీరే జనం తాగుతున్నారన్న మాట మాత్రం ఆవిడ నోట ఏనాడూ రాలేదు.

మా టేస్టింగ్ గదిలో తెల్ల గోడలు, పొడవాటి బల్ల, ఒక సింకు తప్ప ఏమీ ఉండవు. రోజూ పదకొండింటికి కూర్చుంటాం. గ్లాసుల మీద మూతలుంటాయి, నంబర్లుంటాయి. రుచి చూసి, అనిపించింది కాగితం మీద రాసి ఇచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. సెంటు, తలనూనె, వాసన సబ్బు ఏదీ గడప దాటి రాకూడదు. కిటికీ పక్క కుర్చీ పెద్దాయనది. ఏ బీరు బయటికి వెళ్లాలో, ఏది పారబొయ్యాలో తేల్చేది ఆయనే. ఆయన రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాదేనని నేనూ మా ఆవిడా ఎప్పుడో ఖాయం చేసుకున్నాం.

ఒక ఉదయం నేను గోధుమ బీరు ట్యాంకు దగ్గర ఉన్నాను. బెల్జియం పద్ధతిలో చేసే బీరు అది. ఉడుకు ఆపడానికి పది నిమిషాల ముందు ఎండిన నారింజ తొక్క ఒక గుడ్డ మూటలో, కచ్చాపచ్చాగా నలగ్గొట్టిన ధనియాలు ఇంకో మూటలో కట్టి లోపలికి జారవిడవాలి. ఆ పనిలో నేను ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వను. సరిగ్గా ఆ వేళకు పెద్దాయన వచ్చాడు. రేపట్నుంచి మీ తోడల్లుణ్ణి కూడా రుచికి కూర్చోబెడుతున్నాను, కుర్చీ మీ ఇద్దర్లో ఎవరికో నెలాఖరుకు చెబుతాను అని, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పి వెళ్లిపోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తరవాత నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనసు మాత్రం కుర్చీ మీదే ఉంది.

మర్నాడు మా తోడల్లుడు తలకు నూనె రాసుకుని వచ్చాడు. అందరి ముందూ నిలబెట్టి, వెళ్లి తల రుద్దుకుని రమ్మన్నాను. మారుమాట లేకుండా వెళ్లి, నీళ్లు కారే జుట్టుతో వచ్చి కూర్చున్నాడు. ఎదురు ఒక్క మాట అన్నా నా కడుపు చల్లబడేది.

మూడు వారాలకు ఆ గోధుమ బీరు బల్ల మీదికి వచ్చింది. నేను తెల్ల కోటు వేసుకుని కూర్చున్నాను. మూత తియ్యకముందే ధనియాల వాసన నా ముక్కుకు తగిలింది. అనుభవం అంటే ఇదీ అని లోలోపల మురిసిపోయాను. మూత తీస్తే తెల్లటి నురుగు, కింద గంజి నీళ్లలా మసక పసుపు. నోట్లో పోసుకోగానే నారింజ తొక్క చిరుచేదు, దాని వెనకే పులిసేటప్పుడు వాటంతటవే పుట్టే లవంగం ఘాటు, కాస్త మిగలపండిన అరటిపండు వాసన, మింగాక నాలుక అంచున సన్నటి పులుపు. అన్నీ వరసగా రాసి, ధనియాలు బ్రహ్మాండంగా తెలుస్తున్నాయని కింద గీత కూడా గీశాను.

పెద్దాయన కాగితాలు ఒక్కొక్కటే పైకి చదివాడు. మా తోడల్లుడి కాగితంలోనూ నారింజ, లవంగం, అరటిపండు ఉన్నాయి. చివర ఇంకో మాట ఉంది.

"గ్లాసులో ధనియాలు లేవు. గదిలో ఉన్నాయి."

బల్ల చుట్టూ నవ్వులు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. రాసేదాకానే కదా మాట్లాడకూడనిది, లేచి నిలబడ్డాను.

"నా చేత్తో వేశానండీ. వెయ్యలేదని తేలితే ఆ కుర్చీ నాకొద్దు."

పెద్దాయన ఇంకో గుక్క తాగి, తేల్చుకోలేక మా ఇద్దరి మొహాలూ చూశాడు. అప్పుడు అతను తన కాగితం వెనక్కి తీసుకుని ఆ మాట కొట్టేశాడు.

"అన్నయ్య వేశానంటే వేసినట్టేనండీ. పొరపాటు నాదే."

సరే, రేపు లారీకి ఎత్తండి అన్నాడు పెద్దాయన. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు. గెలిచాను. ఆ పూట అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

సాయంత్రం డ్యూటీ దిగి లాకరు తెరిచాను. ఆ రోజు ట్యాంకు దగ్గర వేసుకున్న నా పాత నీలం కోటు, మర్నాడు కొత్త తెల్ల కోట్లు ఇచ్చినప్పట్నుంచీ అందులోనే వేలాడుతోంది. దాన్ని ఆనించే తెల్ల కోటు తగిలిస్తాను. పాతదాన్ని ఇంటికి పట్టుకెళ్దామని తీస్తే జేబు బరువుగా ఉంది. చెయ్యి పెట్టాను. గుడ్డ మూట. ధనియాలు.

మూడు వారాలుగా రోజూ ఆ లాకరు తెరిచి మూస్తున్నా, ధనియాల కోసం ముక్కు పెట్టేదాకా ఆ వాసన నాకు తెలియలేదు. ఆ వాసనంతా తెల్ల కోటుకు పట్టించి, దాన్ని వేసుకుని వెళ్లి, నా చొక్కా వాసన చూసుకుని గ్లాసుకు మార్కులేశాను. తలనూనెకు మనిషిని బయటికి పంపినవాణ్ణి నేను.

డ్రైనేజీ నాలుగడుగుల దూరంలో ఉంది. అబద్ధమెందుకు, రెండడుగులు వేశాను కూడా. అంతలో అతను లోపలికి వచ్చాడు. మూట గుప్పిట్లో బిగించి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. అతను ఆగి, గాలి పీల్చి, మొహం వేలాడేశాడు.

"అన్నయ్యా, ఇంట్లో చెప్పకండి. నా ముక్కు పాడైనట్టుంది. మీ పక్కన నిలబడితే చాలు, ధనియాలే వస్తున్నాయి. రేపు డాక్టరుకి చూపించుకుని, మళ్లీ సీసాల దగ్గరికే పోతాను."

అక్కడ పడింది దెబ్బ. అతని ముక్కును చూసి ఇన్నాళ్లు ఏడ్చాను. అతనేమో నా మాట కోసం ఆ ముక్కునే వదిలేసుకుంటున్నాడు. ఎవరి కోసమూ నేను అలా వదులుకున్నది ఒక్కటీ లేదు. దానికీ కుళ్లొచ్చింది నాకు. గుప్పిట తెరిచాను.

"నీ ముక్కుకేం రోగం లేదయ్యా. రోగం నాది."

అతను మూట వైపు చూశాడు, నా వైపు చూశాడు. మర్నాడు పొద్దున్నే మూట తీసుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెట్టాను. లోడు చేస్తున్న లారీ ఆపించారు. కుర్చీ మా తోడల్లుడికి వచ్చింది. మా అత్తగారి ఆనందం గురించి నేను రాయను.

కుర్చీలో అతను కూర్చున్న మొదటి రోజు, రెండుసార్లు ఉతికించిన తెల్ల కోటు వేసుకుని వెళ్లి నా చోట కూర్చున్నాను. అతను గ్లాసు మూత మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా ఆగిపోయాడు. బల్ల చుట్టూ తలలన్నీ కిందికి వంగాయి.

"అన్నయ్యా, ఏమనుకోకండి. ఆ కోటుకు ధనియాలు ఇంకా పోలేదు, విప్పి రండి."

ఒళ్లు భగ్గుమంది. నోరు మూసుకుని బయటికి వచ్చి, వరండాలో కోటు విప్పి, ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చాను. మళ్లీ పీల్చాను. ఉతికిన బట్ట వాసన తప్ప నాకేమీ తెలియలేదు.