ఏడు కుట్లు, పనసపండు వాసన

మా మేడం పోయారని కాలేజీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను నమ్మలేదు. ఫొటోకి దండ వేసి, కింద దీపాల బొమ్మలు వరసగా పేర్చినా నమ్మలేదు. పెట్టినవాడికి ఫోన్ చేసి "నీకెవరు చెప్పారు?" అని అడిగాను. ఆ ప్రశ్న నాది కాదు, ఆవిడదే. శ్రీకాకుళంలో డిగ్రీ చదివినన్నాళ్లూ మేం ఏది చెప్పినా మేడం మొదట అడిగేది అదే. "ఎవులు సెప్పారు? నువ్వు సూసావేటి?" ఈసారి చెప్పినవాడు పాపం చూసే వచ్చాడు.

ఆవిడ మాకు జువాలజీ చెప్పేవారు. అనుమానం ఆవిడ పద్ధతి. బండి మీద వంకాయ కొన్నా తొడిమ ఎత్తి చూసేవారు. మైక్రోస్కోప్‌లో కనిపించిందని మేం గంతులేస్తే, తను కన్ను పెట్టి చూసేదాకా ఒప్పుకునేవారు కాదు. "నమ్మకం గుడికాడ ఎట్టుకోండి, ల్యాబ్‌లో కాదు" అనేవారు.

కీమోకైన్ల పాఠం రోజు క్లాసులో అడుగుపెట్టగానే ఏదో వాసన. ఎక్కడిదో వెతకమన్నారు. వాసన చిక్కబడుతున్నవైపే నడిచి, అందరం ల్యాబ్ వెనకగదిలో తేలాం. బీరువా చాటున, గోనెసంచి కింద, పండిన పనసకాయ. జలుబు చేసిన ఒకమ్మాయి మాత్రం బెంచీ మీదే కూర్చుని "ఏమైందే, ఎక్కడికే?" అని అడుగుతోంది.

"సూసారా? కబురుంటే సాలదు, అందుకునే ముక్కుండాల" అన్నారు మేడం. ఒంట్లో దెబ్బ తగిలినచోట, క్రిమి దూరినచోట కణాలు వదిలే బుల్లి ప్రోటీన్లే కీమోకైన్లు. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల మధ్య పడే ముడులే వాటి మడత చెదరకుండా పట్టి ఉంచుతాయి. అవి చిక్కగా ఉన్నవైపు తెల్లరక్తకణాలు నడిచిపోతాయి. కణానికి ముక్కులాంటిది దాని పొరలోని రిసెప్టర్.

ఆ తర్వాత సూదీ దారం తీసి, బల్ల తుడిచే గుడ్డలో పైకీ కిందకీ ఏడుసార్లు గుచ్చారు. గుడ్డ కణం పొర, దారం రిసెప్టర్. ఒక కొస బయట, ఒక కొస లోపల. బయట కీమోకైన్ వచ్చి తగులుకుంటే దారం మెలి తిరుగుతుంది, లోపల కాచుకున్న జీ ప్రోటీన్‌కి కబురందుతుంది, కణం కదులుతుంది. ఇంకో గుడ్డ తీసి అలాగే మళ్లీ ఏడుసార్లు గుచ్చారు.

"ఇది ఇంకో రకం. కీమోకైన్‌ని పట్టుకుంటాది, లోపలికి లాక్కుని అరిగించీస్తాది. కదలమని మాత్రం కణానికి సెప్పదు."

"మరి దానివల్ల లాభమేంటి మేడం?" అన్నాను.

"అది లేపోతే కణాలన్నీ ఒక్కసోటికే ఎగబడిపోయి, బాగున్నదాన్నీ పాడు సేసీవా?"

"రెండిట్లో ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"బయట్నించి సూస్తే తెలీదు. అందికే అనుమానించమంతన్నాను."

నేను ఆవిడనే అనుమానించాను.

నరసన్నపేటలో మా నాన్నది కిరాణా కొట్టు. నేను శ్రీకాకుళంలో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. డిగ్రీ అవగానే పెళ్లి అని నాన్న పట్టు, ఎమ్మెస్సీ చదవాలని నా పట్టు. ఇంట్లో చెప్పకుండా ఎంట్రన్స్ రాయడానికి, క్లాసులో ఒకబ్బాయితో కలిసి విశాఖ బస్సెక్కాను. పరీక్షకే. ఇప్పటికీ అదే చెబుతాను. ఎక్కుతుండగా బస్టాండు కాంప్లెక్స్‌లో అత్త కళ్లబడ్డాం. మర్నాడు అత్త మా స్టాఫ్‌రూమ్‌లోంచి బయటికి రావడం నేను చూశాను. మేడంది కూడా నరసన్నపేటే, ఆవిడ మాటంటే నాన్నకి వేదం. ఇక నా చదువు అటకెక్కినట్టే అనుకున్నాను.

ఆదివారం ఇంటికెళ్లి నాన్న మొహమే చూస్తూ కూర్చున్నాను. పొట్లం కడుతూ దారం కాస్త గట్టిగా లాగినా, తెలిసిపోయిందనే అనుకున్నాను. ఏమీ జరగలేదు. జరగకపోవడం మరీ అనుమానం. మేడం ఎదురుపడి "ఏటమ్మా, నాన్నగారు బాగున్నారేటి?" అంటే ఆ మాటనే రాత్రిదాకా తిప్పి తిప్పి చూసుకునేదాన్ని. చెప్పేశారా? చెప్పబోతున్నారా? దాచిపెట్టి నన్నాడిస్తున్నారా? చివరికి సీటొచ్చింది. ఆవిడే కొట్టుకి వెళ్లి నాన్నని ఒప్పించారు. బదులుగా ఏం మాటిచ్చి వచ్చారో అని దానికీ అనుమానపడ్డాను.

మొన్న అత్తా నేనూ కలిసి శ్రీకాకుళంలో మేడం ఇంటికి పరామర్శకి వెళ్లాం. అరుగు మీద కూర్చున్నాక అత్త మెల్లగా అంది: "ఎంతైనా మీ నాన్న మంచోడే. మేడం అంత సెప్పినా నిన్ను ఒక్క మాటన్లేదు."

"ఏం చెప్పారు?"

"అదేనే, నువ్వా కుర్రోడితో బస్సెక్కడం. నానే తమ్ముడికి ఫోన్ సేసీద్దును. ఆవిడే ఆపింది. 'నువ్వు సెప్పకమ్మా, పద్ధతిగా నాను సెప్తాను' అన్నాది. పనస తొనలు సేతిలో ఎట్టి మరీ పంపింది."

నేను లేచి వీధిలోకి వెళ్లి నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, మేడం నీతో నా గురించి ఎప్పుడైనా ఏమైనా చెప్పారా?"

"సెప్పారు కదే, నువ్వు బాగా సదువుతావని. ఏటి? ఇంకేటైనా ఉన్నాదేటి?"

"ఏం లేదు నాన్నా."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఆవిడ నన్ను కాపాడిన సంగతి నాకు కూడా తెలియనివ్వలేదు. నాలాంటివాళ్ల కబుర్లు ఇంకెన్ని ఆవిడ దగ్గరే ఆగిపోయాయో! అరుగు నిండా కూర్చున్న పాత విద్యార్థినుల మొహాలు ఒక్కొక్కటీ అనుమానంగా చూశాను. ఎవరి మొహంలోనూ ఏమీ తెలియలేదు.

"ఏటన్నాడే మీ నాన్న?" అంది అత్త.

"అవునన్నాడు అత్తా. చెప్పారట."

లోపల ఎక్కడో పనస పండినట్టుంది. ఇల్లంతా వాసన. వచ్చిన ప్రతివాళ్లూ గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనకగది వైపు చూసి, ఏమీ అనకుండా వచ్చి కూర్చుంటున్నారు.