నాలుగు వేళ్ల ఎత్తు

నాతో వాదించి గెలిచినవాళ్లు తక్కువ. గెలిచామని అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో మా ఆయన మొదటివాడు. నిజంగా గెలిచినవాడు మాత్రం భూపాలపల్లి రోడ్డు మీద టైర్ల షాపు నడిపే ఒక మనిషి. ఆ ఓటమి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ మనసు చల్లబడుతుంది. అందుకే రాస్తున్నాను.

మా వదినెకు, అంటే మా ఆయన అక్కకు, రెండేళ్ల కింద కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మరిపెడ దగ్గర ఒక్కతే ఉండేది, మా ఇంటికి తెచ్చుకున్నాం. మా ఇల్లు చిట్యాల మండలంలో, ఊరికి ఎడంగా పత్తి చేన్ల మధ్య ఉంటుంది. భూపాలపల్లి దవాఖాన దాకా తారు రోడ్డుకు వంక పెట్టడానికి లేదు. ఇంటి నుంచి ఆ రోడ్డెక్కే దాకా ఉన్న మూడు కిలోమీటర్ల నల్లరేగడి బాటతోనే చిక్కు. మా ఆయన ఉద్యోగం జనగామలో. శనివారం వస్తాడు, సోమవారం పోతాడు. కాబట్టి పాత జీపూ, ఆ బాటా, వదినే మూడూ నా పాలబడ్డాయి.

వదినెకూ నాకూ పాతికేళ్లుగా పడదు. కూరలో పులుపు దగ్గర్నుంచి ఎవరికి ఓటెయ్యాలన్న దాకా ప్రతిదానికీ మాటకు మాట. నేను డిగ్రీ చదివాను, ఆమె ఏడో తరగతిలో బడి మానేసింది. అయినా చివరి మాట ఎప్పుడూ ఆమెదే.

నిరుడు వానాకాలంలో జీపు బురదలో దిగబడింది. ట్రాక్టర్ వచ్చి లాగేసరికి దవాఖానలో వదినెకిచ్చిన టైము దాటిపోయింది. మిషను వేరేవాళ్లకు ఇచ్చేశారు. మర్నాడు పొద్దున చూస్తే ముఖం ఉబ్బి ఉంది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది.

ఇక టైర్లు మార్చాల్సిందేనని ఆ రోజే నిర్ణయించుకున్నాను. రెండు వారాలు ఫోన్లో వీడియోలు చూశాను. రాక్షసుల్లాంటి టైర్లేసుకుని మగవాళ్లు బండరాళ్లెక్కుతుంటే నల్లరేగడి నాకొక లెక్కా అనిపించింది. రెండు సైజులు పెద్దవి, అచ్చంగా బురద కోసమే చేసినవి కావాలి. అవి పట్టాలంటే జీపు బాడీని పైకి లేపాలి. అన్నీ కాగితం మీద రాసుకుని షాపుకు పోయాను.

టైర్ల షాపాయన కాగితం చదివి, మడతపెట్టి, నా చేతికే ఇచ్చాడు. బురద ఎంత దూరం, తారు ఎంత దూరం అని అడిగాడు. చెప్పాను.

"మూడు కిలోమీటర్ల కోసం ఇరవై కిలోమీటర్లు పరేషాన్ అవుడెందుకక్కా?"

ఆ తర్వాత నాకు పాఠమే చెప్పాడు. అచ్చం బురద టైర్లకు గాడులు వెడల్పు, అందుకని తడిసిన తారు మీద బ్రేకేస్తే త్వరగా ఆగవు, స్టీరింగు బరువవుతుంది, మూల తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటాయి. నల్లరేగడి అంటుకుందంటే ఎంత లోతు గాడైనా పూడిపోతుంది, అప్పుడు ఏ టైరైనా బోడిగుండే. మట్టికీ తారుకూ రెండింటికీ పనికొచ్చే రకం, ఒక్క సైజు మాత్రం పెద్దది వేసుకోమన్నాడు. బాట మొదట్లో కొంచెం గాలి తీసి, తారు ఎక్కగానే మళ్లీ కొట్టుకోవడానికి బ్యాటరీతో నడిచే చిన్న పంపు పెట్టుకోమన్నాడు. పెద్ద టైర్లు నీ దగ్గర లేక ఇట్లా చెబుతున్నావన్నాను. లోపలికి తీసుకుపోయి నాలుగు చూపించాడు.

అప్పుడడిగాడు, జీపులో కూర్చునేది ఎవరని. వదినె సంగతి చెప్పాను.

"గా అమ్మను ఒకసారి ఇటు తోల్కరాండ్రి. దవాఖానకు పోయేటప్పుడు గాదు, వచ్చేటప్పుడు."

నాలుగు గంటలు మిషను మీద పడుకుని వచ్చిన మనిషిని టైర్ల షాపు ముందు నిలబెడతావా అని అక్కడికక్కడే దులిపేశాను. ఆయన చాయ్ తాగుతూ అంతా విని, తీసుకురమ్మనే అన్నాడు.

తీసుకెళ్లాను. షాపు ముందు నాలుగు చెక్క దిమ్మెలు పేర్చి ఉన్నాయి. జీపు నాలుగు చక్రాలూ వాటి మీదికి ఎక్కించమన్నాడు. నేను రాసుకొచ్చిన టైర్లేసి, బాడీ లేపితే జీపు ఎంత ఎత్తవుతుందో అంతే ఎత్తు, నాలుగు వేళ్లు. వదినెను స్టూలు మీదుగా దింపి, స్టూలు తీసేసి, ఇప్పుడెక్కమన్నాడు. ఆమె తలుపు పట్టుకుని కాలెత్తింది. పాదం అంచుకు తగిలి కిందికి జారింది. రెండోసారి మోకాలు వణికింది. పట్టుకోబోయాను, నా చెయ్యి తోసేసింది.

దిమ్మెలు తీసి పలచటి పలకలు వేయించాడు. ఆయన చెప్పిన టైర్లకు వచ్చే ఎత్తు, ఒక్క వేలు. ఈసారి ఆమె మెల్లగా, ఒగరుస్తూనే, ఎక్కి కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది.

"బండి దిగబడితే ట్రాక్టర్ గుంజుతది. నన్ను రోజూ ఎవలో ఎత్తి కూసోబెట్టుడు నాకొద్దు."

రెండు వారాల పాటు టైరు వెడల్పు చూశాను, ఎత్తు చూశాను, గాడుల లోతు చూశాను. మిషను మీద నుంచి లేచొచ్చాక ఆమె కాలు ఎంత ఎత్తుకు లేస్తుందో మాత్రం చూడలేదు. చదువుకున్నదాన్ని, పైగా వారానికి మూడుసార్లు పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోయేదాన్ని.

ఆయన చెప్పిన టైర్లే వేయించాను. వాటి అంచులకు తడిసున్నం పూసి, వెనక నాలుగు ఎరువు బస్తాలేసి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పించాడు. మడ్‌గార్డు మీద ఎక్కడా తెల్ల మరక పడలేదని చూశాకే పోనిచ్చాడు.

ఈ వానాకాలం ఆ బాట మీద ఎన్నిసార్లు పోయామో. మొదట్లో గాలి తీస్తాను, రెండో గేరులో ఎక్కడా ఆపకుండా లాగిస్తాను. జీపు వెనక భాగం అటూ ఇటూ ఊగితే వదినె బర్రె నడక అంటుంది. తారు ఎక్కాక పంపుతో గాలి కొడుతుంటే, కూర్చున్నచోటి నుంచే తప్పులు పడుతుంది. ఒక్కసారి మాత్రం దిగబడ్డాం, ట్రాక్టరే లాగింది. గంట ముందు బయల్దేరాం కాబట్టి మిషను దక్కింది. గంట ముందు బయల్దేరమన్నదీ ఆయనే.

ఆ మధ్య షాపు ముందు ఆగి, అన్నా, నువ్వు చెప్పిందే కరెక్టు, నాదే తప్పు అన్నాను.

"గీ మాట రాసియ్యున్రి అక్కా, షాపుల అంటిస్త."

ఇదిగో, రాసిచ్చాను.

నిన్న కూడా దవాఖాన నుంచి బయటికొచ్చేటప్పటికి వదినె ముఖం పాలిపోయి ఉంది. జీపు దాకా గోడ పట్టుకుని నడిచింది. నేను అవతలి పక్కన నిలబడి, బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. ఒక కాలు పెట్టి కాసేపు ఆగిందని జీపు కదలికను బట్టి తెలిసింది. తర్వాత రెండో కాలు. ఆమె లోపలి నుంచి తలుపు లాగి వేసుకున్న చప్పుడు విన్నాకే నేను నా వైపు ఎక్కాను.