ఆరా బల్ల ముందు ఇరుకు ప్యాంటు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. చీమ కుట్టిందని మొదలుపెడితే ముగించేసరికి ఏనుగు తొక్కి ఉంటుంది. కాబట్టి కింది కొలతలన్నీ సగానికి తగ్గించి చదువుకోండి. ఎక్కడ పూర్తిగా అబద్ధమాడానో చివర్లో నేనే చెబుతాను.

యాభై ఆరులో మా ఆఫీసు కర్నూలు డేరాల్లోంచి హైదరాబాదుకు తరలితే, ఫైళ్ల మూటల మధ్య మరో మూటలా నేనూ వచ్చి నాంపల్లిలో దిగాను. మా ఇంటాయన పాత హైదరాబాదీ, బడిపంతులుగా చేసి రిటైరైన, నోట్లో ఎప్పుడూ జర్దా కిళ్లీ ఉండే పెద్దమనిషి. పదేళ్లు ఆయన ఇంట్లో సజావుగానే అద్దెకున్నాను. ఆయన దేవుడి గది తలుపును చెదలు తినేసిన రోజున మాత్రం నా నోరు ఊరుకోలేదు.

"కృష్ణా జిల్లాలో పుట్టినవాడికి చెక్కపని ఉగ్గుపాలతో వస్తుందండీ. నేను చేసిపెడతాను" అన్నాను. అప్పటిదాకా నేను చెక్కినవి పెన్సిళ్లు. ఆయన నమ్మి, అటకమీంచి తాతలనాటి టేకు పలక దించి నా చేతిలో పెట్టారు.

స్టేషను దగ్గర కార్ఖానాలో ఒక ఉస్తాద్ ఆదివారాలు నాకు పని నేర్పడానికి ఒప్పుకున్నాడు. అక్కడో ఇనుపబల్ల, దాని నడిమి సందులోంచి లేచి తిరిగే రంపపు పళ్ల చక్రం. అదే ఆరా. చక్రం జట్కాబండిదంత ఉండేది. పక్కన బిగించిన పట్టీని గైడు అనేవారు. చెక్క దాన్ని ఆనుకునే నడవాలి.

"సారూ, చక్రానికి ఎదురుంగ నిలబడొద్దు, జర పక్కకుండాలె. చెక్క ఎంకకు తంతే తుపాకి గుండు లెక్క వస్తది. చివర్ల ఏళ్లతోని తొయ్యద్దు, గీ కర్రతోని తొయ్యి. పొడుగు కోతల, కోసిన సందు మూసుకపోయి చక్రాన్ని పడ్తది. అందుకే చెక్క చక్రం దాటంగనే సందుల గీ పచ్చర్ దోపాలె" అని సన్నటి చెక్కచీలిక ఒకటి ఇచ్చాడు ఉస్తాద్.

"ఇన్ని జాగ్రత్తలా?" అన్నాను.

"ఫైలు కింద పడితే ఎత్తుకుంటవ్. ఏలు కింద పడితే ఎత్తుకొని ఏం ఫాయిదా? ఇంకోటి, లూజు బట్టలు బంద్. నీ పంచె గీడికి రావద్దు."

అన్నిటికన్నా పెద్ద చట్టం వేరే ఉంది. ఆరా మీద ఉన్నవాణ్ణి ఎవరూ పలకరించకూడదు. వాడు తల తిప్పితే వేలు పోతుంది. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాడికీ ఈ మాట చెప్పేవారు, ఒకసారి నాతో వచ్చిన మా ఇంటాయనకు కూడా.

ఎవరేం చెప్పినా నాలుగింతలు చేసే మనిషిని నేను. లూజు బట్టలు వద్దన్నాడని తిన్నగా ఆబిడ్స్ వెళ్లి, "ఊళ్లో ఇంతకన్నా ఇరుకు ప్యాంటు ఉండకూడదు" అన్నాను దర్జీతో.

"సాబ్, గిది తొడుక్కొని కూసుంటరా, నిలబడే ఉంటరా?"

"నిలబడే."

ఆయన నా మాట నమ్మాడు.

తరువాతి ఆదివారం ఉస్తాద్, "చాయ్ తాగొస్త, నేనొచ్చెదాంక ఆరా ముట్టకు" అని ఇరానీ హోటలుకు వెళ్లాడు. ముట్టాను. పలక సగందాకా తెగింది. అంతలో వెనక సందు మూసుకుని చక్రాన్ని కరిచింది. పలక ముందుకు కదలదు. వెనక్కి లాగితే బుసకొడుతోంది. రెండు చేతులతో బల్లకు అదిమిపట్టాను, వదిలితే ఎగురుతుంది. పచ్చర్ ప్యాంటు జేబులో ఉంది. ఆ జేబులోకి చేయి కాదు కదా, గాలి కూడా పోదు. ఆరాను ఆపే మీట బల్ల కింద ఉంది, మోకాలితో కొట్టడానికి వీలుగా. నా మోకాలు లేవలేదు.

అరిచాను. ఆ రొదలో నా అరుపు నాకే వినబడలేదు. అవతల ఇద్దరు వడ్రంగులు చూసి, చట్టం గుర్తొచ్చి, మర్యాదగా తల తిప్పుకున్నారు. అప్పుడు నా వెనక గుప్పున జర్దా వాసన. మా ఇంటాయన! తలుపు చూడ్డానికి వచ్చి, సరిగ్గా చక్రానికి ఎదురుగా నిలబడ్డారు. నేను చేతులు వదిలితే తాతగారి టేకు మనవడి పొట్టలో చేరుతుంది.

నా చెమట బల్లమీద మూసీలా పారింది. ఆలోగా నాంపల్లిలో బయల్దేరిన రైలుబండి బొంబాయి చేరి తిరిగొచ్చింది. పొగ లేచింది. ఇక ఆగలేక, ఉన్న బలమంతా తెచ్చుకుని మోకాలెత్తాను. నడుం నుంచి మోకాలిదాకా ప్యాంటు పర్రున చిరిగింది. మీట తగిలింది. ఆరా ఆగింది.

"ఇగ మాట్లాడొచ్చునా?" అన్నారు వెనకనుంచి ఇంటాయన.

"మాట్లాడండి."

"నీ పతలూన్ చినిగింది బాబూ. కుట్టు ఇడుస్తున్నప్పుడే చెప్దామనుకున్న. ఆరా మీదున్నోన్ని పలకరించద్దన్నరు గదా, ఊకున్న."

అప్పుడే వచ్చిన ఉస్తాద్ ఇరుక్కున్న పలకను చూశాడు, ఇంటాయన నిలబడ్డ చోటు చూశాడు. నా ప్యాంటు చూసి కూడా నవ్వలేదు.

"గీయన గాడ ఎంతసేపటి సంది నిలబడ్డడు సారూ?" అన్నాడు మెల్లగా.

నేను ప్యాంటు చిరుగును రెండు చేతులతో కప్పుకున్నాను.

ఇక ఒప్పుకుంటాను. ప్యాంటు నిజం. చక్రం జానెడు. జర్దా వాసన మాత్రం కల్పించాను. కాలుతున్న టేకు పొగలో నాకు మరే వాసనా తెలియలేదు. ఆయన నా వెనక ఉన్నారని ఆరా ఆగాకే తెలిసింది. ఆయన కోసమే వదలకుండా పట్టుకున్నానని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాను. నిజానికి పలక వదిలేసి పక్కకు దూకేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ప్యాంటు దూకనివ్వలేదు.